మోగని పెట్టె, తెరుచుకోని ఫైలు

ఠాణేలో బాల్కుం దాటి, ఖాడీ మీది వంతెన దిగితే కాశేలి. అదే దారిలో ముందుకు పోతే కాల్హేర్, పూర్ణా, అంజూర్ ఫాటా, ఆ తర్వాత భివండీ. రోడ్డుకు అటూ ఇటూ గోదాములు, సందుల్లో సాంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానాలు. తెలంగాణ పల్లెల నుంచి నేతపని చేతబట్టుకొని వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఈ భివండీ చుట్టుపక్కలే ఉంటున్నాయి. షటిల్ సాంచాలు నడిచే షెడ్డులో శబ్దం 90 డెసిబెల్స్ దాటడం మామూలు. మన దేశపు కార్ఖానా నిబంధనలు ఎనిమిది గంటల షిఫ్టుకు పెట్టిన గరిష్ఠ హద్దు ఆ తొంభయ్యే. పైగా డెసిబెల్ లెక్క కూడిక లెక్క కాదు. మూడు డెసిబెల్స్ పెరిగితే చాలు, ధ్వనిశక్తి ఇంచుమించు రెట్టింపవుతుంది. అందుకే సాంచా పక్కన పనిచేసేవాళ్ళు నోటితో కన్నా చేతులతోనే ఎక్కువ మాట్లాడుకుంటారు.

ఇలాంటి చోట, కాశేలిలో కార్ఖానా పక్క గదిలో, ఒక పాత కంప్యూటర్ ఉందనుకుందాం. ముంబయి లామింగ్టన్ రోడ్డులో సెకండ్‌హ్యాండ్‌కి దొరికే రకం. పగలు బట్ట హిసాబు, జీఎస్టీ కాగితాలు. సాయంత్రం పిల్లల పాఠాలు. రాత్రి పాటలు, సినిమాలు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసిపోయింది. విండోస్ 11 ఎక్కించాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటూ, ఇంచుమించు 2018 తర్వాతి తరం ప్రాసెసరూ కావాలి. చక్కగా పనిచేస్తున్న పెట్టెను పాత ఇనుములో వేయడానికి కష్టపడి సంపాదించుకున్న ఎవరికీ మనసొప్పదు. అప్పుడు తెలిసినవాళ్ళెవరో వచ్చి పైసా ఖర్చు లేకుండా లినక్స్ ఎక్కించి పోతారు.

నాలుగు రోజులు కాకముందే రెండు ఫిర్యాదులు వస్తాయి. "అన్నా, ఆవాజ్ వస్తలేదు" అనేది ఒకటి. "ఫైలు నొక్కుతుంటే పర్మిషన్ లేదంటుంది" అనేది రెండోది. చూడ్డానికి రెంటికీ పొంతన లేదు. ఒకటి చెవికి సంబంధించింది, ఒకటి డిస్కుకు సంబంధించింది. కానీ లినక్స్ లోపలికి తొంగిచూస్తే ఈ రెండూ ఒకే ఇంట్లో పుట్టిన సమస్యలని తెలుస్తుంది. ఎవరికి ఏది ముట్టుకునే హక్కుంది, అడిగిన వస్తువు దాకా దారి తెరిచే ఉందా అన్న రెండు ప్రశ్నలే రెండు చోట్లా అడగాల్సింది. ఆ ప్రశ్నలు వరసగా అడగడం వస్తే ఈ ఫిర్యాదుల్లో చాలావాటికి మెకానిక్ అక్కర్లేదు.

ఈ బంధుత్వం 1969 నాటిది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్‌ను మొదలుపెట్టినప్పుడు ఒక ధైర్యమైన నిర్ణయం తీసుకున్నారు. డిస్కు మీది రాతకోతలే కాదు, యంత్రానికి తగిలించిన పరికరాలు కూడా ప్రోగ్రాములకు ఫైళ్ళ లాగే కనబడాలన్నది ఆ నిర్ణయం. ప్రింటర్ ఒక ఫైలు, టెర్మినల్ ఒక ఫైలు. చదవాలంటే తెరువు, రాయాలంటే తెరువు, అయిపోయాక మూసెయ్. 1991లో హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ సొంతంగా రాయడం మొదలుపెట్టిన లినక్స్ ఈ పద్ధతినే తీసుకుంది. అంచేత ఈ రోజుకీ లినక్స్ యంత్రంలో 'డెవ్' అనే ఫోల్డరు తెరిచి, అందులో 'ఎస్ఎన్‌డి' అనే గదిలోకి వెళ్తే సౌండ్ కార్డు ఫైళ్ళ రూపంలో కనబడుతుంది. వాటిలో ఒకదాని పేరు 'పీసీఎం-సీ0-డీ0-పీ'. సున్నా నంబరు కార్డులో సున్నా నంబరు పరికరం, చివరి 'పీ' అంటే ప్లేబ్యాక్. అదే చివర 'సీ' ఉంటే మైకు వైపు.

టెర్మినల్‌లో 'ఎల్ఎస్ -ఎల్' అని కొడితే ఆ ఫైలు జాతకమంతా ఒక్క వరుసలో బయటపడుతుంది. ఈ వరుసను కాస్త నిదానంగా చదవడం మంచిది. మొదటి అక్షరం 'సీ' అయితే అది మామూలు ఫైలు కాదు, పరికరం అని అర్థం. తర్వాత మూడు మూడు చొప్పున తొమ్మిది గడులు. మొదటి మూడూ యజమానివి, తర్వాతి మూడూ గ్రూపువి, చివరి మూడూ మిగతా అందరివీ. ప్రతి మూడింటిలో 'ఆర్' అంటే చదవొచ్చు, 'డబ్ల్యూ' అంటే రాయొచ్చు, 'ఎక్స్' అంటే నడపొచ్చు. గీత ఉంటే ఆ హక్కు లేదు. సౌండ్ ఫైలు దగ్గర యజమాని 'రూట్' (యంత్రం మీద సర్వాధికారాలున్న ఖాతా), గ్రూపు 'ఆడియో', మిగతా అందరికీ మూడు గీతలు. అంటే ఊరందరికీ ప్రవేశం లేదు. ఆ పక్కనే 116 అనే అంకె కనబడుతుంది. ఈ పరికరం తాలూకు పని సౌండ్ విభాగానిది అని లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌కు చెప్పే నంబరు అది.

తొమ్మిది గడుల్ని అంకెల్లో రాసే పద్ధతి కూడా తేలికే. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. కూడితే 7. యజమానికి చదవడం, రాయడం, తక్కినవాళ్ళకి చదవడం మాత్రమే అయితే 644. ఫోల్డర్లకు మామూలుగా ఉండేది 755.

ఇంత కట్టుదిట్టం ఎందుకని అడిగేవాళ్ళకు యూనిక్స్ కన్నా ముందు జరిగిన ఒక సంఘటన జవాబు చెబుతుంది. 1960లలో ఎంఐటీలో సీటీఎస్ఎస్ అనే వ్యవస్థను ఎంతోమంది ఒకేసారి వాడుకునేవారు. ఒకనాడు లాగిన్ అయిన ప్రతివాడికీ ఆ రోజు ప్రకటన బదులు అందరి పాస్‌వర్డులూ ప్రత్యక్షమయ్యాయి. ప్రకటన ఫైలును ఒకరు, పాస్‌వర్డుల ఫైలును మరొకరు ఒకే సమయంలో దిద్దుతున్నారు. దిద్దే ప్రోగ్రాము తాత్కాలిక ప్రతికి ఇద్దరికీ ఒకే పేరు వాడింది. దాంతో రెండూ తారుమారయ్యాయి. ఆ వ్యవస్థను నిర్మించిన ఫెర్నాండో కార్బాటో తన ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో దీన్ని తానే చెప్పుకున్నాడు. ఎవరి ఫైలు ఎవరిదో యంత్రానికి గట్టిగా తెలిసి ఉండాలన్న పట్టుదల అలాంటి అనుభవాల నుంచి వచ్చింది.

మళ్ళీ కాశేలి గదిలోకి వద్దాం. ఫైలు తెరుచుకోవడం లేదంటే చాలామంది ఆ ఫైలు హక్కుల్నే చూసి ఊరుకుంటారు. అక్కడ 644 అని పద్ధతిగానే ఉంటుంది, అయినా తెరుచుకోదు. ఎందుకంటే ఫైలు దాకా పోవాలంటే దారిలో ఉన్న ప్రతి ఫోల్డరు దగ్గరా ప్రవేశ హక్కు కావాలి. ఫోల్డరు విషయంలో 'ఎక్స్' అంటే నడపడం కాదు, లోపలికి అడుగుపెట్టడం. ఆరు ఫోల్డర్ల లోపల ఫైలుంటే ఆరింటిలో ఏ ఒక్కటి కాదన్నా కథ అక్కడితో ఆగిపోతుంది. లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటులో 21.04 నుంచి కొత్తగా సృష్టించే ప్రతి వాడుకరి హోం ఫోల్డరుకూ 755 బదులు 750 ఇస్తున్నారు. అంతకుముందు ఒకే యంత్రంలో తమ్ముడి ఫోటోలు అక్క ఖాతా నుంచి చూడగలిగేవాళ్ళు. ఇప్పుడు కుదరడం లేదంటే కారణం ఈ ఒక్క అంకె మార్పే. దారి మొత్తాన్ని ఒక్కసారిగా చూపించే ఆదేశం 'నేమ్‌ఐ -ఎల్'. ఫైలు చిరునామా ఇస్తే మొదటి మెట్టు నుంచి చివరిదాకా ఒక్కో ఫోల్డరు యజమానినీ, హక్కుల్నీ కింద కింద పేర్చి చూపిస్తుంది. ఇంత పనికొచ్చే ఆదేశం ఇంత తక్కువమందికి తెలియడం బాధాకరమే.

పాత డిస్కు తెచ్చి తగిలించినప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. లినక్స్ డిస్కు మీద యజమాని పేరు రాసి ఉండదు, నంబరు మాత్రమే ఉంటుంది. ఉబుంటులో, డెబియన్‌లో, ఫెడోరాలో మొదటి వాడుకరికి 1000 నంబరు వస్తుంది, రెండో వాడుకరికి 1001. షోలాపూర్‌లోని బంధువుల కంప్యూటర్‌లో రెండో ఖాతాలో దాచిన ఫైళ్ళు 1001వ నంబరు మీద ఉంటాయి. ఆ డిస్కును కాశేలి యంత్రానికి తగిలిస్తే, ఇక్కడ 1000గా కూర్చున్న మనిషికి అవి పరాయివి. పేర్లు ఒకటే అయినా లాభం లేదు. అలా కాక అక్కడా ఇక్కడా నంబరు ఒకటే అయితే, ఇద్దరూ వేరే మనుషులైనా తలుపు తెరుచుకుంటుంది. ఈ రెండో సంగతి గుర్తుంచుకోవాలి. హక్కుల గడులు డిస్కును దొంగ నుంచి కాపాడవు. దాన్ని ఊడబెరికి మరో యంత్రానికి తగిలించినవాడిని ఆపాలంటే డిస్కునే సంకేత భాషలోకి మార్చి ఉంచాలి.

పెన్‌డ్రైవ్ తీరు పూర్తిగా వేరు. ఫ్యాట్, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతుల్లో యజమాని వివరం రాసుకునే చోటే లేదు. తగిలించిన క్షణంలో లినక్స్ "ఇవన్నీ ఫలానావాడివి" అని అందరి తరఫునా ఒకే తీర్పు ఇచ్చేస్తుంది. అప్పుడు 'సీహెచ్‌మాడ్' కొట్టి హక్కులు మార్చబోతే ఏమీ మారదు. యంత్రం చెడిపోయిందని కంగారు పడక్కర్లేదు.

విండోస్ ఉన్న డిస్కుతో వచ్చే తిప్పలు మరీ ఎక్కువ. విండోస్ 8తో 'ఫాస్ట్ స్టార్టప్' అనే వసతి వచ్చింది. మనం షట్‌డౌన్ నొక్కుతాం, కానీ విండోస్ పూర్తిగా నిద్రపోదు. తన స్థితిలో కొంత భాగాన్ని డిస్కు మీద దాచి, మర్నాడు అక్కణ్ణుంచి లేస్తుంది. ఆ మధ్యలో లినక్స్ వచ్చి అదే డిస్కు మీద రాస్తే రెండు లెక్కలూ తేడా పడి ఫైళ్ళు పాడవుతాయి. అందుకని లినక్స్ ఆ డిస్కును చదవడానికి మాత్రమే తెరుస్తుంది, లేదా అసలు తెరవనంటుంది. బలవంతంగా తెరిచే మార్గాలు ఉన్నాయి గానీ వాటి జోలికి పోకపోవడమే మేలు. విండోస్‌లోకి వెళ్ళి ఫాస్ట్ స్టార్టప్ ఆపేసి, ఒకసారి సరిగ్గా మూసి వస్తే సమస్య తీరిపోతుంది. కరెంటు పోయి పెట్టె ఠక్కున ఆరిపోయిన తర్వాత లినక్స్ సొంత డిస్కు కూడా ఒక్కోసారి ఇలాగే 'చదవడానికి మాత్రమే' అయిపోతుంది. ఉబుంటు, డెబియన్‌లు మామూలుగా ఎక్కించినప్పుడు అలాంటి ఏర్పాటే చేస్తాయి. ఫైళ్ళ పద్దులో తప్పు కనబడితే, నష్టం పెరగకుండా రాయడం మానేస్తాయి. ఇక్కడ హక్కులు మార్చి ప్రయోజనం లేదు. ముందు ముఖ్యమైన ఫైళ్ళను వేరే చోటికి తీసుకుని, తర్వాత పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ నడిపి డిస్కును సరిచూసుకోవాలి.

తెలుగువాళ్ళకే ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. దాన్ని ఇంగ్లిషు పుస్తకాలు పట్టించుకోవు. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఎక్స్‌ట్4 పద్ధతిలో ఫైలు పేరు 255 బైట్లకు మించకూడదు. ఇంగ్లిషు అక్షరం ఒక బైటు తీసుకుంటుంది కాబట్టి 255 అక్షరాలు పడతాయి. తెలుగు అలా కాదు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటీ మూడు బైట్లు. పైగా మనం ఒక అక్షరం అనుకునేది యంత్రానికి ఒకటి కాదు. 'స్త్రీ' అనే అక్షరం లోపల స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం అని ఆరు సంకేతాలున్నాయి, అంటే 18 బైట్లు. మొత్తమ్మీద పేరులో 85 సంకేతాలు దాటితే లినక్స్ ఒప్పుకోదు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్‌లో లెక్క వేరు, అక్కడ తెలుగు సంకేతాలే 255 దాకా పడతాయి. సినిమా పేరు, పాట పల్లవి, గాయకుల పేర్లు అన్నీ తెలుగులో గుదిగుచ్చిన ఫైలు విండోస్‌లో హాయిగా ఉండి, లినక్స్‌లోకి కాపీ చేయబోతే 'పేరు మరీ పొడవు' అని ఆగిపోతుంది. హక్కుల సమస్య అనుకొని గంటలు వృథా చేసుకోకుండా పేరు కుదిస్తే చాలు. తిరుగు ప్రయాణంలో ఇంకో ఇబ్బంది ఉంది. ప్రశ్నార్థకం, కోలన్, నక్షత్రం గుర్తు ఉన్న పేర్లను లినక్స్ భరిస్తుంది, ఫ్యాట్ పెన్‌డ్రైవ్ భరించదు.

పెళ్ళిపత్రికలు, కరపత్రాలు కొట్టే డీటీపీ దుకాణం నుంచి తెచ్చుకున్న పాత ఫైళ్ళ సంగతి దీనికి భిన్నం. అవి తెరుచుకుంటాయి గానీ పిచ్చిగీతల్లా కనబడతాయి. అను వంటి పాత ఫాంట్లు యూనికోడ్ కాకుండా తమ సొంత సంకేతాలు వాడడమే దీనికి కారణం. దానికి మార్పిడి పనిముట్లు వేరే ఉన్నాయి.

ఇక శబ్దం. కంప్యూటర్‌కు పాట అంటే అంకెల వరుస. మామూలుగా క్షణానికి 48,000 సార్లు గాలి ఒత్తిడిని కొలిచిన అంకెలు, ఎడమ కుడి రెండు చెవులకూ. 16 బిట్ల లెక్కన క్షణానికి 1,92,000 బైట్లు. పాడే ప్రోగ్రాము ఈ అంకెల్ని సౌండ్ సర్వర్‌కు ఇస్తుంది. సర్వర్ అందరి అంకెల్నీ కలిపి అల్సాకు అందిస్తుంది. కెర్నల్‌లో భాగమైన అల్సా వాటిని డ్రైవర్ చేత చిప్పులోకి పోయిస్తుంది. చిప్పు వాటిని విద్యుత్తుగా మార్చి జాక్‌కు పంపుతుంది. అంకెలు కొంచెం కొంచెంగా పోగుచేసి పంపుతారు. ఒక్కో దఫాకు 1024 చొప్పున అనుకుంటే, ఒక దఫా మోగి అయిపోవడానికి 21 మిల్లీసెకన్లు పడుతుంది. ఆలోపు తర్వాతి దఫా సిద్ధం కాకపోతే చిటపటలు వినిపిస్తాయి. పాత ప్రాసెసర్ మీద బ్రౌజర్‌లో ముప్పై ట్యాబులు తెరిచి పాట పెడితే జరిగేది ఇదే. స్పీకర్ల తప్పేమీ ఉండదు.

ఈ గొలుసు ఒక్క రోజులో ఏర్పడింది కాదు. తొలి రోజుల్లో హన్ను సవోలైనెన్ రాసిన ఓఎస్ఎస్ డ్రైవర్లు సౌండ్ కార్డును నేరుగా ఫైలుగా అందించేవి. చాలా కార్డుల్లో ఆ ఫైలును ఒక్కసారికి ఒక్క ప్రోగ్రామే తెరవగలిగేది. పాట మోగుతుంటే ఇంకోదాని గంట మోగదు, 'పరికరం ఖాళీ లేదు' అని జవాబు. అప్పట్లో కార్డు పనిచేస్తోందో లేదో చూడడానికి చాలామంది వాడిన ఒక చిన్న శబ్దపు ఫైలు ఉండేది. అందులో టోర్వాల్డ్స్ స్వయంగా తన పేరు చెప్పి, లినక్స్ అనే మాటను తాను ఎలా పలుకుతాడో వినిపిస్తాడు. 1998లో యారోస్లావ్ కిసెలా మొదలుపెట్టిన అల్సా 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నల్‌తో అందరికీ చేరింది. ఆపైన లెన్నార్ట్ పోటరింగ్ రాసిన పల్స్ఆడియో అందరి శబ్దాల్నీ కలిపే బాధ్యత తీసుకుంది. 2007లో ఫెడోరా 8, 2008లో ఉబుంటు 8.04 దాన్ని చేర్చుకున్నప్పుడు చాలామంది యంత్రాలు మూగబోయాయి, ఆ ప్రోగ్రామును తిట్టనివాళ్ళు లేరు. నిజానికి అంతకుముందు ఎవరూ వాడని డ్రైవర్ల మూలల్ని అది వాడింది, వాటిలోని తప్పులు బయటపడ్డాయి. విమ్ టేమన్స్ రాసిన పైప్‌వైర్ 2021లో ఫెడోరా 34తో ఆ స్థానంలోకి వచ్చింది. అది మొదట వీడియో కోసం, కెమెరాను ఏ ప్రోగ్రాముకు ఇవ్వాలి, దేనికి ఇవ్వకూడదు అన్న ఆలోచనతో పుట్టింది. శబ్దం చివరికి మళ్ళీ అనుమతుల దగ్గరికే వచ్చిందన్నమాట.

సాంచా మీద పోగు తెగితే నేతగాడు గుడ్డ మొత్తం విప్పడు. బీము దగ్గర్నుంచి అచ్చు దాకా చూపు పోనిచ్చి, తెగిన చోటు పట్టుకొని ముడి వేస్తాడు. శబ్దం దారిని కూడా అలాగే చూడాలి. చాలామంది చేసే పొరపాటు మొదటే లినక్స్‌ను తుడిచేసి మళ్ళీ ఎక్కించడం. పూట పోతుంది, తప్పు ఎక్కడుందో మాత్రం తెలియదు.

మొదట చూడాల్సింది నడిమధ్య. 'పావుకంట్రోల్' అనే చిన్న ప్రోగ్రాము ఎక్కించుకుంటే, పాట పాడుతున్నప్పుడు ప్రతి ప్రోగ్రాము పక్కనా ఒక పట్టీ ఊగుతూ కనబడుతుంది. కాశేలి లాంటి చోట దీనికి ఇంకో విలువ ఉంది. పక్క షెడ్డులో సాంచాలు మోగుతుంటే స్పీకర్ సన్నగా మోగుతోందో, అసలు మోగడం లేదో చెవితో తేల్చుకోలేం. కంటితో తేలుతుంది. పట్టీ ఊగుతుంటే ప్రోగ్రాము నుంచి సర్వర్ దాకా దారి బాగుంది, తప్పు దిగువన ఉంది. పట్టీ కదలకపోతే తప్పు ఎగువన, ప్రోగ్రాములోనే. సగం గొలుసు ఒక్క చూపుతో వదిలేయొచ్చు.

పట్టీ ఊగుతోంది, శబ్దం లేదు. అప్పుడు 'అవుట్‌పుట్ డివైసెస్' పేజీ చూడాలి. మానిటర్ హెచ్‌డీఎంఐ తీగతో తగిలించి ఉంటే, శబ్దం ఆ తీగ గుండా స్పీకర్లే లేని మానిటర్‌కు పోతూ ఉండొచ్చు. ఇది చాలా తరచుగా కనిపించే కారణం. అక్కడ 'డమ్మీ అవుట్‌పుట్' అని మాత్రమే ఉంటే సర్వర్‌కు ఏ కార్డూ దొరకలేదని అర్థం. అప్పుడు 'ఏప్లే -ఎల్' కొట్టి, కెర్నల్‌కైనా కార్డు కనబడుతోందా అని అడగాలి. కెర్నల్‌కూ కనబడకపోతే డ్రైవరో, ఫర్మ్‌వేరో లోపించింది. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో సౌండ్ చిప్పుకు 'సాఫ్' అనే ఫర్మ్‌వేర్ విడిగా ఎక్కించాలి. అది లేదన్న సంగతి 'డీమెసేజ్' చిట్టాలో కెర్నల్ రాసిపెట్టే ఉంటుంది. కెర్నల్‌కు కార్డు కనబడి సర్వర్‌కు కనబడకపోతే, మళ్ళీ అనుమతుల వైపు తిరగాలి.

కార్డు ఉంది, దారి సరిగానే ఉంది, అయినా మౌనం. 'అల్సామిక్సర్' తెరిచి ఎఫ్6 నొక్కి అసలు కార్డు ఎంచుకుంటే నిలువు గొట్టాల్లా స్థాయిలు కనబడతాయి. వాటి అడుగున రెండు 'ఎం'లు ఉంటే ఆ గొట్టం మూసి ఉందని. 'ఎం' మీట నొక్కితే రెండు సున్నాలుగా మారి తెరుచుకుంటుంది. అక్కడే 'ఆటో మ్యూట్' అనేది కూడా ఉండొచ్చు. హెడ్‌ఫోన్ పెట్టగానే స్పీకర్లు ఆపడం దాని పని. పత్తి నుసి ఎగిరే గదుల్లో జాక్ లోపల నుసి పేరుకొని, హెడ్‌ఫోన్ తీసేసినా ఉన్నట్టే యంత్రం భ్రమపడే అవకాశం ఉంది. ఆటో మ్యూట్ ఆపి చూస్తే తేలిపోతుంది. జాక్‌ను జాగ్రత్తగా శుభ్రం చేసి మళ్ళీ పెట్టుకోవచ్చు. చివరగా 'స్పీకర్-టెస్ట్ -సీ2' అనే ఆదేశం ఎడమ, కుడి స్పీకర్లను ఒక్కొక్కటిగా మోగిస్తుంది.

బ్లూటూత్ గురించి ఒక్క మాట. పాట వింటున్నంతసేపూ బాగుండి, ఆన్‌లైన్ క్లాసులో మైకు ఆన్ చేయగానే శబ్దం డొల్లగా మారితే అది చెడిపోవడం కాదు. సాధారణ బ్లూటూత్‌లో నాణ్యమైన పాట పద్ధతి ఒకవైపే నడుస్తుంది. మైకు కావాలంటే ఫోన్ మాటల పద్ధతికి దిగాలి. అందులో క్షణానికి 8,000 లేదా 16,000 కొలతలే. వేరే మైకు పెట్టుకుంటే పాట నాణ్యత అలాగే ఉంటుంది.

ఇప్పుడు రెండు ఫిర్యాదులూ ఒకటయ్యే ఘట్టానికి వద్దాం. శబ్దం రాలేదని ఎవరో చెప్పిన సలహా మీద ఒకతను సౌండ్ ప్రోగ్రామును 'సుడో' పెట్టి నడిపాడనుకుందాం. సుడో అంటే ఆ ఒక్క పనికీ రూట్ అధికారం. పాత ఉబుంటుల్లో సుడో వాడినా హోం ఫోల్డరు మాత్రం మామూలు వాడుకరిదే ఉండేది, 19.10 నుంచి దాన్ని మార్చారు. హోం మారని చోట, రూట్‌గా నడిచిన ప్రోగ్రాము తన సెట్టింగుల ఫైళ్ళను ఆ మనిషి ఇంట్లోనే, 'కాన్ఫిగ్' లోపల 'పల్స్' ఫోల్డరులో సృష్టిస్తుంది. వాటి యజమాని మాత్రం రూట్. మర్నాడు మామూలుగా లాగిన్ అయితే పల్స్ఆడియో లేచి తన ఫోల్డరు తానే తెరవబోతుంది. అనుమతి లేదు. లేచినట్టే లేచి పడిపోతుంది. తెర మీద 'డమ్మీ అవుట్‌పుట్'. చెవికి వినబడే లోపం శబ్దానిది, జబ్బు ఉన్నది ఒక ఫోల్డరు యజమాని గడిలో. అల్సామిక్సర్‌లో ఎంత వెతికినా అది దొరకదు. 'ఎల్ఎస్ -ఎల్' కొడితే మన ఇంట్లో రూట్ పేరు కనబడుతుంది, అంతే.

దీనికి మందు 'సీహెచ్‌ఓన్'. ఆ ఫోల్డరును తిరిగి అసలు యజమాని పేర పెట్టడం. కానీ ఊళ్ళో ఎక్కువగా చెలామణి అయ్యే మందు 'సీహెచ్‌మాడ్ 777', అది కూడా మొత్తం హోం మీద. అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేస్తే గొడవే ఉండదన్న ఆశ. అలా చేస్తే గుప్త తాళంచెవుల ఫైళ్ళు అందరికీ తెరిచి ఉన్నాయని దూరపు యంత్రాల్లోకి లాగిన్ చేయించే ఎస్ఎస్‌హెచ్ వాటిని వాడనంటుంది. ఇంటిగుట్టు ఇంట్లోని మిగతా ఖాతాలన్నిటికీ బట్టబయలవుతుంది. 777 ఒక సమస్యను మాయం చేసి నాలుగు సమస్యల్ని నాటిపోతుంది. ఏ ఫైలు, ఎవరిది, ఎవరికి కావాలి అని మూడు ముక్కలు అడిగి, ఆ ఒక్క హక్కే మార్చడం తప్ప అడ్డదారి లేదు.

శబ్దం అంటే పాటలు, సినిమాలే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్ళుంటారు. చూపు లేనివాళ్ళు లినక్స్‌ను ఓర్కా అనే తెరచదువరితో వాడతారు. తెర మీదున్నదాన్ని అది గొంతుతో చెబుతుంది. ఈస్పీక్ ఎన్‌జీ గొంతు తెలుగు కూడా పలుకుతుంది. అలాంటి మనిషి యంత్రంలో శబ్దం పోతే తెర ఆరిపోయినట్టే. ఏ బొత్తాము ఎక్కడుందో చెప్పేవాళ్ళు ఉండరు, కాబట్టి బాగు చేసుకునే దారి కూడా మూసుకుపోతుంది. అందుకే వాళ్ళ యంత్రాన్ని సిద్ధం చేసేటప్పుడే, సౌండ్ సేవల్ని మళ్ళీ మొదలుపెట్టే ఆదేశాన్ని ఒక మీటల జతకు కట్టిపెట్టడం ఎంతో అవసరం.

యంత్రం ఏం చెబుతోందో అర్థం కావడం ఇందులో సగం పని. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో లినక్స్ అందించింది, బడిపిల్లల కోసం బాలస్వేచ్ఛ తయారుచేసింది. 'అనుమతి లేదు' అని తెర మీద తన భాషలో చదివినవాడు కనీసం ప్రశ్న ఏ దిక్కున ఉందో గ్రహిస్తాడు. అయితే ఆ లోపం గురించి ఇంకొకరిని అడగాల్సి వస్తే, ప్రపంచమంతా అదే లోపాన్ని ఇంగ్లిషు మాటలతో నమోదు చేసుకొని ఉంటుంది. ఆదేశానికి ముందు 'లాంగ్=సీ' అని చేర్చి నడిపితే ఆ ఒక్కసారికి సందేశం ఇంగ్లిషులో వస్తుంది. తెలుగు తెర అలాగే ఉంటుంది. మరాఠీ బడికి పోయే పిల్లలూ, తెలుగు చదివే పెద్దలూ ఉన్న ఇంట్లో ఎవరి ఖాతా భాష వాళ్ళు పెట్టుకోవచ్చు.

అలాంటి ఇంట్లో ఖాతాలు వేరువేరుగా ఉండడమే మంచిది. అప్పుడు సౌండ్ కార్డు ఎవరిది అన్న ప్రశ్న వస్తుంది. ఒకప్పుడు వాడుకరి పేరును 'ఆడియో' గ్రూపులో చేరిస్తే తప్ప శబ్దం వచ్చేది కాదు. ఆ సలహా ఇప్పటికీ తిరుగుతోంది. నేటి లినక్స్‌లో తెర ముందు ఎవరి ఖాతా నడుస్తుంటే వాళ్ళకు ఆ హక్కు అప్పటికప్పుడు ఇచ్చి, ఖాతా మారగానే తీసుకునే ఏర్పాటు ఉంది. సౌండ్ ఫైలు వరుసలో హక్కుల చివర కనబడే '+' గుర్తు దానిదే. అందరినీ ఆడియో గ్రూపులో వేస్తే, తండ్రి ఖాతాలో ఆగని పాట కార్డును పట్టుకొని కూర్చుంటుంది, కూతురు లాగిన్ అయ్యేసరికి పాఠం వినబడదు. దూరం నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో వచ్చినవాళ్ళు కూడా గదిలోని మైకు వినగలుగుతారు. కాబట్టి ఆ గ్రూపు నుంచి పేర్లు తీసేయడమే తరచు సరైన చికిత్స.

ఇద్దరికీ కావాల్సిన హిసాబు ఫైళ్ళకు దారి వేరు. హోం ఫోల్డర్ల బయట ఒక ఉమ్మడి ఫోల్డరు పెట్టి, ఇద్దరూ ఉన్న ఒక గ్రూపు పేర దాన్ని రాసి, 2770 హక్కు ఇస్తారు. ముందున్న 2 వల్ల అందులో ఎవరు కొత్త ఫైలు సృష్టించినా అది ఆ గ్రూపుదే అవుతుంది. కొత్త ఫైళ్ళకు గ్రూపు రాత హక్కు కూడా దక్కాలంటే, వాటికి ఏ హక్కులు తగ్గించాలో చెప్పే యూమాస్క్ 002 అని ఉండాలి. అది 022గా ఉంటే తండ్రి రాసిన లెక్కను కూతురు చదవగలదు గానీ దిద్దలేదు.